చెల్లెలి భాష

నలభై దగ్గరపడ్డ వయసులో మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చున్నాను. నన్ను కూర్చోబెట్టింది ఇంకెవరో కాదు, నా నోరే. "మూడు నెలలు ఆగు, నీ భాష నేర్చుకుని నీతో మాట్లాడతాను" అని చెల్లికి మెసేజ్ పెట్టేశాను. పెట్టాక గానీ, ఆ భాషలో అక్షరాలు ఎన్నో కూడా నాకు తెలియదన్న సంగతి తట్టలేదు. మా ఇంట్లో నా నోటికి తొందరెక్కువని పేరు. ఈసారి ఆ తొందర నన్ను నిలువునా ముంచింది.

మాది డుంబ్రిగుడ మండలంలో కొండవాలున ఉన్న చిన్న ఊరు. దగ్గర్లో ఉన్న గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. ఇంట్లో ఒరియా, కువి మాట్లాడుకునే పిల్లలకి పుస్తకంలోని తెలుగు ఎక్కించడం నా ఉద్యోగం. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న మలేరియాతో చనిపోయాడు. ఆ మరుసటి ఏడు చెల్లిని తీసుకెళ్ళారు. అప్పటికి దానికి ఐదేళ్లు.

జీపులో ఇద్దరు వచ్చారు. కింద మైదానంలో మంచి బడి ఉందనీ, తిండి, బట్ట, చదువు అన్నీ అక్కడే చూసుకుంటారనీ చెప్పారు. ఇందులో అమ్మకి వింతగా తోచాల్సిందేమీ లేదు. మా కొండల్లో బడి అంటేనే అక్కడ ఉండి చదువుకోవడం. ఐదేళ్లు నిండగానే పిల్లని ట్రంకుపెట్టెతో సహా హాస్టల్లో దింపుతారు, చూపించిన చోట వేలిముద్ర వేస్తారు, దసరాకీ ఎండాకాలానికీ సెలవులిస్తే వెళ్ళి తెచ్చుకుంటారు. నన్నూ అలాగే దింపారు. చెల్లి కాగితం మీద కూడా అమ్మ అలాగే వేలిముద్ర వేసింది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉందట. తెలుగులో ఉన్నా అమ్మకి ఒకటే.

ఏప్రిల్‌లో సెలవులివ్వగానే అమ్మ నన్ను వెంటబెట్టుకుని చెల్లిని తేవడానికి బయల్దేరింది. సంతలో దానికి ఎర్ర గౌను ఒకటి కొంది. బస్సు దిగి, కనబడ్డ వాళ్ళనల్లా అడుగుతూ మధ్యాహ్నానికి ఆ చోటు చేరాం. అది బడి కాదు, అనాథాశ్రమం. గేటు దగ్గరి పెద్దమనిషి రిజిస్టరు తిరగేసి, "మీ పాప విదేశం వెళ్ళిపోయిందమ్మా, మంచివాళ్ళు పెంచుకోడానికి తీసుకెళ్ళారు" అన్నాడు. అమ్మ అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"మరి ఆ బడికి సెలవలు ఎప్పుడిత్తారు బాబూ?"

ఆయన అమ్మకేసి చూశాడు, నాకేసి చూశాడు, రిజిస్టరు మూసేశాడు. తర్వాత రెండు మూడేళ్లు ఎండాకాలం వస్తే చాలు, "ఈ ఏడు దానికి సెలవలిచ్చుంటారేటే?" అని అమ్మ నన్నే అడిగేది. నేను హాస్టల్లో చదువుకున్న పిల్లని కదా, నాకు తెలుస్తుందని అమ్మ ఆశ. ఒక ఏడు ఎందుకో అడగడం మానేసింది. అప్పుడు నాకు హాయిగా అనిపించింది. తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయిన చలికాలంలో, ఆ అనాథాశ్రమంలో ఒకప్పుడు పనిచేసిన ముసలి సిస్టరమ్మ ఒకావిడ మా ఊరి ద్వారా నా నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. అది మూతపడి చాలా కాలమైందట, పాత కాగితాలు ఆవిడ దగ్గర ఉన్నాయట. చెల్లి చెక్ దేశంలో ఉందనీ, మా కోసం వెతుకుతోందనీ చెప్పి నంబరు ఇచ్చింది. చెల్లికి ఇంగ్లీషు రాదు. బళ్ళో జర్మన్ చెప్పారట, అదీ మర్చిపోయిందట. తన భాషలో మెసేజ్ రాసింది. ఫోన్‌లో తెలుగు చేసుకుని చదివాను. తను రొట్టెలు కాల్చే చోట పనిచేస్తుంది. ఒక కూతురు ఉంది. చివర్లో ఇలా ఉంది: "నా కాగితంలో, తల్లి ఈ బిడ్డను వద్దనుకుంది అని రాసి ఉంది. అది నిజమేనా?"

అమ్మ వాకిట్లో టార్పాలిన్ మీద కాఫీ గింజలు తిరగేస్తోంది. చదివి వినిపించాను. చేతిలోది వదిలేసి అలాగే కూలబడింది.

"నానా? నాను వద్దనుకున్నానా?" అంది. కాసేపటికి గొంతు పెంచింది. "సెప్పు దానికి! బడనుకున్నాననీ, సెలవలకి ఎల్లాననీ సెప్పు. బేగి సెప్పు!"

అదంతా తెలుగులో కొట్టి, ఫోన్ చేత చెక్ భాషలోకి మార్పించి పంపాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. "ధన్యవాదాలు" అన్న ఒక్క ముక్క, పక్కన ఒక పువ్వు బొమ్మ. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్లు కుమిలిన మనిషికి పువ్వు బొమ్మా! అమ్మకి మాత్రం కోపం రాలేదు.

"ఫోను మిసను సెప్తే ఎవులు నమ్ముతారే," అంది. "ఆ రోజూ అంతే. ఎవులో రాసినారు, ఎవులో సదివినారు, నాను ముద్రేసినాను. ఈసారి అలగ వద్దు. నువ్వు దాని అక్కవి. నీ నోట్తో సెప్పు."

అదిగో, ఆ మాట మీదే నేను మూడు నెలల గడువు పెట్టాను. చెల్లి ఒప్పుకుంది. "సరే. ఒకసారి మాట్లాడతాను. తర్వాత ఏం చేయాలో చూస్తాను" అని రాసింది. ఒకసారి అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ ఒక్కసారిలో అమ్మ మాట దానికి చేరాలి. చేరకపోతే, వద్దనుకున్న తల్లిగానే అమ్మ మిగిలిపోతుంది.

విశాఖలో వాకబు చేశాను. జర్మన్ నేర్పేవాళ్ళున్నారు, ఫ్రెంచి నేర్పేవాళ్ళున్నారు. చెక్ అంటే అందరూ తెల్లమొహం వేశారు. చివరికి నెట్‌లో దొరికిన ఒక పుస్తకాన్ని అరకులో జిరాక్స్ తీయించాను. షాపతను కాగితాలు సర్దుతూ, "ఏ పరీక్షకి మేడమ్ ఇది, గ్రూప్ టూకా?" అని అడిగాడు. దానికన్నా పెద్దదే నాయనా అనుకున్నాను.

మొదటి వారం నా పొగరు చూడాలి. వాళ్ళకి విభక్తులు ఏడేనట. డు-ము-వు-లు దగ్గర్నుంచి ఎనిమిది వల్లెవేయించేదాన్ని, నాకు ఏడో లెక్కా! రెండో వారానికి పొగరు దిగింది. మన విభక్తి మాట వెనకాల బుద్ధిగా నడుస్తుంది. వాళ్ళది మాట తోకనే మార్చేస్తుంది. చెల్లి అన్న మాట ఒక చోట సెస్త్రా, ఒక చోట సెస్త్రు, ఇంకో చోట సెస్త్రో. దాన్ని పిలవాలంటే ఒకటి, దాన్ని చూశానంటే ఒకటి. బల్ల మగదట, కుర్చీ ఆడదట, కిటికీ రెండూ కాదట. ఇదంతా ఎవరు తేల్చారో, ఎందుకు తేల్చారో పుస్తకం చెప్పదు.

ఇక నోరు తిరగడం మరో నరకం. మెడని క్ర్క్ అంటారు. తోడేలు వ్ల్క్ అట. ఒక్క అచ్చు కూడా లేకుండా మాట ఎలా పుడుతుందమ్మా! తెలుగు నోరు చివర్లో ఒక ఉకారమైనా తగిలించందే మాటని వదలదు. క్ర్కు, వ్ల్కు అంటూ నేను తంటాలు పడుతుంటే, వరండాలో అన్నం పళ్ళేలు కడుగుతున్న హాస్టలు పిల్లలు చక్కగా క్ర్క్ అనేసి కిసుక్కుమన్నారు. మర్నాడు ప్రార్థన అయ్యాక వరసలో నిలబడి, "దోబ్రీ దెన్ మేడమ్!" అని అరిచారు. నమస్కారమని అర్థం. వాళ్ళకి నాలుగు రోజుల్లో పట్టుబడింది నాకు నాలుగు వారాలకీ పట్టుబడలేదు.

ఆ పుస్తకం మీద నాకు ఇంకో కోపం ఉంది. అందులో ఎవరికీ ఏ కష్టమూ లేదు. అందరూ రైలు స్టేషన్ ఎక్కడని అడుగుతారు. ఒక కాఫీ ఇవ్వండి అంటారు. ఈ రోజు ఎండ బాగుంది అంటారు. తండ్రి ఇంజనీరు, తల్లి డాక్టరు, కుక్క పెద్దది. నాకు కావలసినవి జ్వరం, జీపు, వేలిముద్ర, గేటు. నాకు నేర్పింది యాపిల్ పండు. యబల్కో, యబల్కా అని వల్లిస్తూ ఉంటే ఏడుపొచ్చేది.

నేను తరగతిలో ఎంత కోపిష్టినో మా పిల్లలకి తెలుసు. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు, తలకాయలో ఏముంది?" అని ఎంతమందిని అన్నానో లెక్కలేదు. మూడో తరగతి పిల్ల ఒకతి "అమ్మ సంత వెళ్ళాడు" అని రాస్తే, వెనకటి రోజుల్లోలా పలక విసిరికొట్టలేకపోయాను. అది ఇంట్లో ఒక భాష విని, బళ్ళో ఇంకో భాష మోస్తోంది. ఆ నెల నేనెవర్నీ తిట్టలేదు. మంచితనం వచ్చి కాదు, సిగ్గు వచ్చి.

సాయంత్రం నేను ఇంటికి రాగానే అమ్మ మొదటి మాట, "ఎంతదాకా ఎల్లినావే?" భాష అంటే అమ్మ లెక్కన నడిచి చేరాల్సిన ఊరు. పొద్దున్న బయల్దేరితే ఎప్పటికైనా చేరతాం కదా.

"సగం దాటానమ్మా" అనేదాన్ని. శుద్ధ అబద్ధం. నేను బయల్దేరిన చోటే ఉన్నాను.

రెండు నెలలు గడిచేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒక మధ్యాహ్నం హాస్టలు స్టోరు రూములో బియ్యం బస్తాల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. చదువు రానివాళ్ళకి ఏడవడమన్నా వస్తుంది. నేను మాత్రం, వంటామె చూస్తుందేమోనని ఏడుపు కూడా గబగబా ముగించుకున్నాను. ఆ రోజే ఒక నిర్ణయానికి వచ్చాను. భాష మొత్తం నాకు అక్కర్లేదు. ఒక్క వాక్యం చాలు. అమ్మ ముప్పై ఏళ్ల బాధంతా అందులో పట్టాలి, అంతే.

వెతికి, కూర్చి, తుడిచి, మళ్ళీ కూర్చి తయారుచేశాను. "మామింకా మిస్లెలా, జె తొ యె ష్కోలా." అది బడి అని అమ్మ అనుకుంది. నోటుపుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకుని, కాఫీ తోటలో చెప్పుకున్నాను, సంతకి వెళ్ళే ఆటోలో గొణుక్కున్నాను, పొయ్యి ముందు చెప్పుకున్నాను. ఆ వాక్యం ఉన్నందుకు చివరి నెల కాస్త తిండి సయించింది.

గడువు పూర్తయిన ఆదివారం మధ్యాహ్నం అమ్మని మా బడి మేడ మీదికి తీసుకెళ్ళాను. సిగ్నల్ బాగా అందేది అక్కడే. అమ్మ తలకి నూనె రాసుకుని, చర్చికి వెళ్ళేటప్పుడు కట్టే తెల్ల చీర కట్టుకుంది. ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని, "కనబడతానా దానికి?" అని మూడుసార్లు అడిగింది.

ఫోన్ మోగింది. తెర మీద ఒక ఆడమనిషి. పొట్టి జుట్టు, నీలం స్వెట్టరు, మా నాన్న నుదురు. అమ్మ ఒక్కసారి ముందుకు వంగి ఆ నుదురు ముట్టుకోబోయింది. వేలు ఎర్ర గుర్తు మీద పడి ఫోన్ కట్టయిపోయింది. "అయ్యో, అయ్యో, ఏటైపోయిందే!" అని అమ్మ గుండె బాదుకుంది. మళ్ళీ చేశాను. ఈసారి చెల్లి కొంచెం నవ్వుతోంది.

"దోబ్రీ దెన్, సెస్త్రో," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. చెల్లి నవ్వు ఇంకాస్త విచ్చుకుంది. ఇక ఆగితే మర్చిపోతానని భయం వేసి, నా వాక్యం చెప్పేశాను. ఒక్క అక్షరం తప్పలేదు.

"ష్కోలా?" అంది చెల్లి.

"ఆనో, ష్కోలా." అవును, బడి.

చెల్లి కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో గబగబా అడిగింది. అందులో ఐదు అన్న మాట తెలిసింది. చివరి మాట కూడా తెలిసింది. ప్రోచ్. ఎందుకు?

అప్పుడు నాకు వెలిగింది. వాళ్ళ దేశంలో పిల్లలు పొద్దున్న బడికి వెళ్తారు, మధ్యాహ్నం ఇంటికి వచ్చేస్తారు. పుస్తకంలో ఆరో పాఠంలో ఆ బొమ్మ కూడా ఉంది, తల్లి చెయ్యి పట్టుకుని పిల్ల ఇంటికి వస్తూ ఉంటుంది. బడి అనుకుని ఐదేళ్ల పిల్లని జీపెక్కించి పంపేసే తల్లి ఉంటుందని చెల్లి ఎలా నమ్ముతుంది? నేను చెప్పిన మాట చేరింది, మా బడి చేరలేదు. హాస్టల్‌ని వాళ్ళ భాషలో ఏమంటారో నేను వెతకనే లేదు. వెతకాలని తోచనే లేదు. మా దగ్గర బడీ హాస్టలూ వేరు కాదు కదా. ఆ రోజు అమ్మ ఏం పొరపాటు పడిందో, ఇంత చదువు చదివి, పంతులమ్మనై, నేనూ అదే పొరపాటు పడ్డాను.

"ప్రోచ్?" అంది చెల్లి మళ్ళీ. ఈసారి మెల్లిగా.

అమ్మ నా మోచెయ్యి లాగింది. "ఏటంతంది?"

"బాగున్నావా అని అడుగుతోందమ్మా" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది.

అమ్మ మొహం వెలిగింది. "బాగున్నానని సెప్పు."

"దోబ్ర్‌జె," అన్నాను తెర వైపు చూసి. బాగుంది. నన్నెందుకు పంపేశారని అడిగిన మనిషికి నేనిచ్చిన జవాబు అది. చెల్లి మొహంలో మిగిలిన ఆ కాస్త నవ్వూ పోయింది. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. ఫోన్ పెట్టేస్తుందేమోనని నా ప్రాణం గిలగిల్లాడింది. నోటిలో మాత్రం రైలు స్టేషన్ తప్ప ఒక్క మాట లేదు.

అమ్మకి చదువు లేదు గానీ కళ్ళున్నాయి. "అబద్దం ఆడకే," అంది. "బాగున్నావా అని అడిగినోల్ల మొకం అలగుంటాదా?"

"ఎందుకు అంటోందమ్మా!" అని బావురుమన్నాను. "బడి ఏంటి, ఎందుకు పంపారు అంటోంది. నాకు చెప్పడం రాదు. మూడు నెలలూ నీకు అబద్ధమే చెప్పాను. నాకేమీ రాదు."

అమ్మ చెయ్యి చాచింది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, రెండు చేతులతో మొహానికి ఎదురుగా పట్టుకుంది. సగం ఒరియా, సగం తెలుగు కలిసిన తన మాటల్లో మొదలుపెట్టింది. నాన్న జ్వరం, ఇంట్లో గింజలు నిండుకోవడం, జీపు, వేలికి పూసిన నీలం సిరా. గౌను, బస్సు, గేటు. సెలవలు ఎప్పుడిత్తారని అడిగిన సంగతి కూడా చెప్పింది. "నా గుంటని నాను వద్దనుకుంతానా, సెప్పమ్మా" అని అక్కడ ఆగింది. చెల్లి రెప్ప వెయ్యకుండా చివరిదాకా విన్నది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నెరొజుమీమ్," అంది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నెరొజుమీమ్."

"ఏటంది?" అని అడిగింది అమ్మ. ఇంక దాచే ఓపిక నాకు లేదు.

"అర్థం కాలేదంది."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కింద హాస్టలు పిల్లలు బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినబడుతోంది. కొంచెం సేపటికి నా వైపు తిరిగి, "నాకూ ఆ రోజు అర్దం కానేదు," అంది. "అదొక్కటీ సెప్పగలవా?"

చెప్పగలను. మూడు నెలల చదువులో పుస్తకం చూడకుండా, ఎవరి సాయం లేకుండా నేను చెప్పగలిగిన నిజం అదొక్కటే. ఫోన్ తీసుకున్నాను. "మామింకా నెరొజుమ్నెలా," అన్నాను. బొటనవేలిని అరచేతి మీద ఆనించి చూపించి, మళ్ళీ అదే అన్నాను. అమ్మకి అర్థం కాలేదు.

 చెల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసి మాట్లాడడం మొదలుపెట్టింది. మొదట మెల్లిగా, తర్వాత గబగబా, మధ్య మధ్యలో ముక్కు చీదుకుంటూ. అమ్మ, ఇల్లు, నీళ్ళు, చీకటి. తెలిసిన మాటలు నాలుగు తగిలాయి, మిగతాదంతా నా పక్క నుంచి వెళ్ళిపోయింది. ఆ ఐదేళ్ల పిల్ల ఏ రాత్రి ఎక్కడ పడుకుందో, ఎవర్ని పిలిచిందో, అన్నీ చెబుతూ ఉండాలి. నాకు తెలియడం లేదని చెబుదామని నోరు తెరిచాను. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అడ్డుపడకు. సెప్పుకోనీ," అంది. కాసేపాగి, "నీకేటైనా తెలుస్తందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"నాకూ తెలడం నేదు. ఇందాం."

ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయేదాకా చెల్లి మాట్లాడుతూనే ఉంది. మేమిద్దరం వింటూనే ఉన్నాం.